పెద్ద తాతయ్య ట్రంకు పెట్టెలో జర్మన్ శిబిరం ఖైదీ బిళ్ళ: అసలుదేనా? ఎలా దాచాలి?

గూడెం_కుర్రాడు
అందరికీ నమస్కారం. నాణేల విభాగం చాన్నాళ్ళుగా చదువుతున్నాను, పోస్టు పెట్టడం ఇదే మొదలు. మా తాతయ్య వాళ్ళ అన్నయ్యని మేం పెద్ద తాతయ్య అనేవాళ్ళం. రెండో ప్రపంచ యుద్ధంలో మిలిటరీ లారీ డ్రైవరు. మాది తాడేపల్లిగూడెం దగ్గర, మిలిటరీ మాధవరం మాకు పక్క ఊరే, అందుకని ఇక్కడ యుద్ధానికి వెళ్ళిన తాతలు వింతేం కాదు. ఆయన ఆఫ్రికాలో పట్టుబడ్డాడనీ, ఇటలీలో ఉంచి తర్వాత జర్మనీ తీసుకుపోయారనీ ఇంట్లో చెప్పుకోవడమే తప్ప కాయితం ముక్క లేదు. పాత పెంకుటిల్లు విప్పేస్తూ అటక మీది ట్రంకు పెట్టె దించితే అందులో రెండు మూడు పతకాలు, నల్లటి తాడుకి కట్టిన ఒక లోహపు బిళ్ళ దొరికాయి.

బిళ్ళ దీర్ఘచతురస్రంగా ఉంది, దాదాపు ఆరు సెంటీమీటర్లు బై నాలుగు. బూడిద రంగు. మధ్యలో అడ్డంగా సన్నటి చీలికలు వరసగా ఉన్నాయి, తుంచితే రెండు ముక్కలయ్యేట్టు. పైన సగంలోనూ కింద సగంలోనూ ఒకటే రాత: "స్టాలాగ్" (జర్మన్ల యుద్ధఖైదీల శిబిరం అట), రోమన్ ఎనిమిది, బి, దాని కింద ఒక నంబరు. పేరు ఎక్కడా లేదు. అక్కడక్కడ తెల్లటి పొడి పట్టింది. ఇది అసలుదేనా, నంబరుని బట్టి ఏమైనా తెలుస్తుందా, శుభ్రం చేయడం ఎలా? అమ్మ చింతపండు పెట్టి తోమేస్తానంటోంది, ప్రస్తుతానికి ఆపాను.

బిళ్ళల_భాస్కరం
అమ్మగారిని అలాగే ఆపి ఉంచండి బాబూ. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, టూత్‌పేస్టు, ఏదీ తగలకూడదు. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం, ముందు నాకు ఫోటోలు కావాలి. ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీస్తే అక్షరాలు కనపడవు, గది లైటు ఆర్పేసి టార్చి ఒక పక్క నుంచి ఏటవాలుగా వేసి తీయండి. ముందు, వెనక, అంచు, చీలికల దగ్గర క్లోజప్. అయస్కాంతం పట్టుకుంటుందేమో చూడండి. దగ్గర్లో కంసాలి కొట్టుంటే తూకం వేయించండి. తాడు మాత్రం విప్పొద్దు, ముడితో సహా అలాగే ఉండాలి.

పాత_ఇత్తడి
ఎందుకండీ ఇంత హడావుడి. మా ఇంట్లో బిందెలు, దీపపు కుందులు అన్నీ పీతాంబరితోనే, అద్దంలా మెరుస్తాయి. కొంచెం పొడి, తడిగుడ్డ, అంతే.

కెమిస్ట్రీ_మేడమ్
ఇత్తడికి సరే సార్, ఇది ఇత్తడి కాదు కదా. ఆ కాలంలో జర్మన్ శిబిరాల బిళ్ళలు ఎక్కువగా జింకువి. జింకు ఆమ్లంలోనూ కరుగుతుంది, గాఢ క్షారంలోనూ కరుగుతుంది. చింతపండు పెట్టినా చాకలిసోడా నీళ్ళలో వేసినా నష్టమే. పైన కనిపిస్తున్న మబ్బు బూడిద రంగు పొర గాలిలో తేమ, కార్బన్ డయాక్సైడుతో కలిసి జింకు తనకి తాను వేసుకున్న కవచం. దాన్ని తోమేస్తే కింద కొత్త లోహం బయటపడి మళ్ళీ మొదట్నుంచి తినడం మొదలుపెడుతుంది. అక్షరాలేమో ఒక మిల్లీమీటరు లోపు మందం ఉన్న రేకు మీద పంచ్‌తో గుద్దినవి. రెండు మూడు సార్లు తోమితే నంబర్లో మూడు, ఎనిమిది ఒకలాగే కనపడతాయి. అప్పుడిక ఆ బిళ్ళ ఎవరిదో ఎవరూ చెప్పలేరు.

తెల్లటి పొడి వదులుగా ఉంటే మెత్తటి పొడి బ్రష్‌తో, వాటర్ కలర్ బ్రష్ లాంటిది, పైపైన దులపండి చాలు. గట్టిగా అతుక్కున్నది అతుక్కునే ఉండనివ్వండి. నీళ్ళతో కడగొద్దు.

గూడెం_కుర్రాడు
ఫోటోలు పెట్టాను. అయస్కాంతం పట్టుకోలేదు. కంసాలి తూకం వేస్తే పదిహేడు గ్రాముల చిల్లర వచ్చింది, "వెండి కాదు బాబూ" అని నిరాశగా తిరిగిచ్చాడు. నంబరు చివరి రెండంకెలు కనపడకుండా చేశాను, ఎవరో దొంగ బిళ్ళలు చేస్తారని ఇక్కడే చదివాను.

బిళ్ళల_భాస్కరం
మంచి పని చేశారు. ఆ కొలతకి అల్యూమినియం అయితే ఆరేడు గ్రాములు కూడా తూగదు, కాబట్టి జింకే.

నా అభిప్రాయం: అసలుదే. ఎందుకంటే, అక్షరాలు ఒకే అచ్చుతో ఒకేసారి పడ్డవి కావు. "స్టాలాగ్" అన్న మాటలోనే రెండో 'ఎ' కొంచెం కిందికి జారింది, నంబర్లో 'ఏడు' పక్కకి వాలింది. ఒక్కో అంకె ఒక్కో పంచ్‌తో సుత్తి దెబ్బ కొట్టి గుద్దితే ఇలాగే ఉంటుంది. వెనక వైపు చూడండి, ప్రతి అంకె వెనకా చిన్న ఉబ్బు ఉంది. పైన సగంలో 'ఏడు' వాలినట్టు కింద సగంలో వాలలేదు. నకిలీ చేసేవాడు ఇంత తేడా పెట్టడు, ఒకే అచ్చు రెండుసార్లు గుద్దుతాడు లేదా లేజరుతో కోస్తాడు, చీలికలు బ్లేడుతో గీసినంత శుభ్రంగా వస్తాయి. పోత పోసిన నకిలీలకి అంచున అతుకు గీత, పైన చిన్న చిన్న బుడగల గుంటలు ఉంటాయి. యాసిడ్‌లో ముంచి పాతబరిచినవి మొత్తం ఒకే మాదిరిగా గరుకుగా ఉంటాయి. మీదానికి తాడు రాసుకున్న రంధ్రాల అంచు మాత్రం నునుపు, చర్మానికి ఆనిన వెనక వైపు ఒక రకం, ముందు ఒక రకం. మనిషి మెడలో తిరిగిన బిళ్ళ అలాగే ఉంటుంది.

నంబరు గురించి అందరూ పొరపడే విషయం ఒకటి చెప్పాలి. అది ఆయన సైన్యం నంబరు కాదు, శిబిరం ఇచ్చిన ఖైదీ నంబరు. ఒక శిబిరంలో ఒక నంబరు ఒకరికే, కానీ అదే నంబరు ఇంకో శిబిరంలో ఇంకొకడికి ఉండొచ్చు. అందుకే శిబిరం పేరు, నంబరు రెండూ కలిస్తేనే మనిషి. ఇంకోటి, మొదట ఎక్కడ నమోదు చేశారో ఆ శిబిరం బిళ్ళే తర్వాత ఎక్కడికి మార్చినా వెంట ఉండేది. బిళ్ళ మీద 8బి ఉంది కాబట్టి యుద్ధం అయ్యేదాకా 8బి లోనే ఉన్నాడు అనుకోకూడదు.

మధ్య చీలికలు దేనికో మీరే ఊహించి ఉంటారు. ఖైదీ చనిపోతే కింది సగం తుంచి కార్యాలయానికి పంపేవారు, పై సగం శవంతో ఉండేది. మీదగ్గర రెండు సగాలూ ఉన్నాయి.

నిజాం_నాణెం
అన్నా, నా దగ్గర కూడా ఒకటి ఉంది, ఫోటో చూడు. ఎర్రగడ్డ సండే మార్కెట్ల దొరికింది. సగం ముక్కనే, "స్టాలాగ్ లుఫ్ట్ 3" అని ఉంది. అమ్మినాయన "ఇది చచ్చిపోయిన పైలట్‌ది సార్, అందుకే సగమే ఉంది" అన్నడు. పైసలు గట్టిగనే పెట్టిన, ఎంతో అడగకు.

బిళ్ళల_భాస్కరం
అడగను తమ్ముడూ. స్టాలాగ్ లుఫ్ట్ 3 అంటే ఇప్పటి పోలండులో జగాన్ దగ్గరి వైమానిక ఖైదీల శిబిరం. 1944 మార్చిలో సొరంగం తవ్వి 76 మంది బయటపడ్డారు, దొరికిన వాళ్ళలో 50 మందిని కాల్చి చంపారు. అంత పేరున్న శిబిరం కాబట్టే ప్రపంచంలో దాని పేరుతో తిరిగే బిళ్ళల్లో నకిలీలు చాలా ఎక్కువ. ఖైదీలైన అధికారుల శిబిరం ఓఫ్లాగ్ 4సి, అదే కోల్డిట్జ్ కోట, దాని సంగతీ అంతే. పేరు గొప్పదైన కొద్దీ అనుమానం పెరగాలి. అనామక శిబిరం బిళ్ళకి నకిలీ చేసి లాభం లేదు.

నీ ఫోటోలో తుంచిన అంచు చూశావా? అసలుదైతే ప్రతి రెండు చీలికల మధ్య చిన్న పన్ను లాగ విరిగి ఉండాలి. నీదానికి అంచు మొత్తం తిన్నగా, కత్తిరించినట్టుంది. అక్షరాల వెనక ఉబ్బులు కూడా లేవు. నాకు నమ్మకం లేదు. పైగా సగం ముక్క అసలుదే అయినా అది చావుకి రుజువు కాదు, ఎనభై ఏళ్ళలో చీలికల దగ్గర తుప్పు తిని దానంతటదే విరిగినవి బోలెడు.

నిజాం_నాణెం
పోయినయ్ పైసలు 😄 సరే, గాజు పెట్టెల నుంచి తీసి టేబుల్ సొరుగుల వేస్తున్న.

వ్రోత్స్వాఫ్_వాసు
ఈ చర్చ చూసి పాస్‌వర్డ్ గుర్తు చేసుకుని మరీ లాగిన్ అయ్యాను. నేను పోలండులో వ్రోత్స్వాఫ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇది ఒకప్పటి బ్రెస్లా. జర్మన్లు దేశాన్ని సైనిక జిల్లాలుగా విడగొట్టారు, ఎనిమిదో జిల్లాకి కేంద్రం ఈ ఊరే. బిళ్ళ మీద రోమన్ ఎనిమిది అంటే ఆ జిల్లా, బి అంటే ఆ జిల్లాలో వరస గుర్తు. ఆ శిబిరం లామ్స్‌డార్ఫ్ అనే పల్లెలో ఉండేది, ఇప్పుడు వాంబినోవిత్సే అంటారు. ఇక్కడి నుంచి కారులో రెండు గంటల లోపే. యుద్ధఖైదీల మ్యూజియం ఉంది, శిబిరం ఆనవాళ్ళు, సమాధుల మైదానాలు చూడొచ్చు.

కానీ ఒక చిక్కు ఉంది, గూడెం వాళ్ళు జాగ్రత్తగా చదవాలి. 1943 చివర్లో లామ్స్‌డార్ఫ్ పేరు స్టాలాగ్ 344 అని మార్చేశారు. 8బి అన్న పేరుని తీసుకెళ్ళి టెషెన్‌లో ఉన్న ఇంకో శిబిరానికి పెట్టారు. టెషెన్ ఇప్పుడు పోలండు, చెక్ సరిహద్దు మీద రెండు ఊళ్ళుగా ఉంది. మీ తాతగారు ఇటలీ నుంచి వచ్చారంటున్నారు. ఇటలీ లొంగిపోయినట్టు ప్రకటించింది 1943 సెప్టెంబరు 8న, ఆ తర్వాతే జర్మన్లు అక్కడి ఖైదీలను రైలు పెట్టెల్లో ఎక్కించి ఉత్తరానికి తోలారు. సరిగ్గా పేరు మారే రోజులు. కాబట్టి ఆ బిళ్ళ లామ్స్‌డార్ఫ్‌దీ కావచ్చు, టెషెన్‌దీ కావచ్చు. బిళ్ళ ఒక్కటీ చూసి తేల్చలేం, శిబిరంలో ఆయన పేరున రాసిన ఖైదీ కార్డు దొరకాలి.

గూడెం_కుర్రాడు
వాసు గారూ, చాలా థాంక్స్. ఇంట్లో "లాంసు" అనే ఊరు అన్నట్టు గుర్తని మా మేనత్త అంటోంది, కానీ ఇప్పుడు నేను అడిగాక గుర్తొచ్చిందో అంతకుముందే గుర్తుందో తెలీదు. ఆమెకి ఎనభై దాటాయి.

లండన్_లక్ష్మి
మేనత్తగారి మాట తేదీ వేసి రాసి పెట్టుకోండి, ఫోన్లో రికార్డు చేస్తే ఇంకా మంచిది. మీరు శిబిరం పేర్లు ఆమె ముందు అనకుండా "ఏ ఊరు అనేవాడత్తా" అని అడగండి, పేరు మీరు అందిస్తే ఇక ఆ సాక్ష్యం చెడిపోయినట్టే.

ఒక ప్రశ్న. బ్రిటిష్, ఇండియన్ సైనికులకి సొంత సైన్యం ఇచ్చిన బిళ్ళలు వేరే ఉండేవి. లోహం కాదు, ఫైబర్‌వి, గట్టి అట్టలాగ ఉంటాయి. ఒకటి ఎర్రది గుండ్రంగా, ఒకటి ఆకుపచ్చది ఎనిమిది మూలలతో. చనిపోతే ఎర్రది తీసుకెళ్ళేవారు, పచ్చది శవం మీద వదిలేవారు. వాటి మీద పేరు, సైన్యం నంబరు ఉంటాయి. ట్రంకులో అలాంటిదేమీ లేదా?

గూడెం_కుర్రాడు
మీరు ఎర్రది గుండ్రంగా అనగానే మా బాబాయ్ గట్టిగా నవ్వాడు. వాళ్ళ చిన్నప్పుడు క్యారమ్స్‌లో రాణి పోతే ఎర్ర అట్ట బిళ్ళ ఒకటి పెట్టి ఆడేవారట! క్యారమ్ బోర్డు పిన్ని వాళ్ళింట్లో ఉంది, కాయిన్ల డబ్బాలో వెతకమని చెప్పాను.

నిజాం_నాణెం
దొరకాలి దొరకాలి. నేను ఇవాళ నిద్రపోను.

సింగపూర్_మనవడు
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మా ముత్తాత 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయినప్పుడు జపాను వాళ్ళకి చిక్కాడు. తిరిగి రాలేదు. ఆయనకీ ఇలాంటి బిళ్ళ ఉండేదా, ఎక్కడైనా వెతకొచ్చా?

లండన్_లక్ష్మి
జర్మన్ల మాదిరి ఒకే పద్ధతి జపాను శిబిరాల్లో లేదు. ఒకచోట చెక్కముక్క మీద నంబరు, ఒకచోట రేకు, ఒకచోట చొక్కాకి కుట్టిన బట్ట. కాబట్టి బిళ్ళ కోసం కాదు, పేరు కోసం వెతకండి. తిరిగి రాలేదన్నారు కాబట్టి కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో పేరు కొట్టండి, ఉచితం. సింగపూర్‌లో క్రాంజి దగ్గరి స్మారకం గోడల మీద 24,000 పైచిలుకు పేర్లున్నాయి, సమాధి తెలియని వాళ్ళవి. అక్కడి నుంచి భారత ఖైదీలను న్యూగినీ, న్యూబ్రిటన్ దీవుల దాకా కూలిపనికి ఓడల్లో తీసుకెళ్ళారు, అక్కడ ఆకలికీ జబ్బుకీ పోయినవాళ్ళు చాలామంది. పేరు స్పెల్లింగ్ పది రకాలుగా ప్రయత్నించండి. రెజిమెంట్ తెలిస్తే దాన్ని పట్టుకుని వెతకడం ఇంకా తేలిక. దీనికి వేరే చర్చ మొదలుపెట్టండి, నేను వస్తాను.

జైహింద్_1943
గూడెం వాళ్ళని ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. జర్మనీలో ఉన్న ఇండియన్ ఖైదీలంటే నేతాజీ అక్కడ పెట్టిన ఇండియన్ లెజియన్ అనే సైనిక దళంలో చేరే ఉంటారుగా? ఇంట్లో దాచి ఉంటారు, అప్పట్లో భయం.

బిళ్ళల_భాస్కరం
"చేరే ఉంటారు" అని ఎలా అంటారండీ? అన్నబర్గ్ శిబిరం నుంచి, ఇతర చోట్ల నుంచి చేరినవాళ్ళు వేలల్లో ఉన్నారు, చేరనివాళ్ళూ వేలల్లో ఉన్నారు. చేరినవాళ్ళది జర్మన్ సైన్యంలో 950వ పదాతి రెజిమెంటు. సైనికులయ్యాక వాళ్ళకి జర్మన్ సైనికుడి బిళ్ళ ఉంటుంది, అది అండాకారం. ఇక్కడున్నది దీర్ఘచతురస్రం, ఖైదీ బిళ్ళ. అది మెడలో ఉన్నంత మాత్రాన ఆ తర్వాత చేరలేదని చెప్పలేం, చేరాడని అసలే చెప్పలేం.

జైహింద్_1943
నేను గొప్పగానే అన్నాను, తక్కువ చేసి కాదు. చేరనివాళ్ళు తెల్లవాడికి విధేయులు అన్నమాట.

గూడెం_కుర్రాడు
సార్, ఆయన పద్దెనిమిదేళ్ళకి కరువులో తిండికోసం సైన్యంలో చేరాడు. మాకు తెలిసింది అంతే.

మోడరేటర్
ఈ పాయ 'చరిత్ర చర్చలు' విభాగానికి. ఇక్కడ బిళ్ళ సంగతి మాత్రమే. తర్వాత వచ్చిన నాలుగు పోస్టులు తీసేశాను.

పతకాల_పద్మ
గూడెం తమ్ముడూ, అందరూ బిళ్ళనే చూస్తున్నారు, పతకాలు ఎవరూ అడగలేదు! బ్రిటన్ వాళ్ళు తమ సొంత సైనికులకి రెండో యుద్ధం పతకాలు పేరు లేకుండానే ఇచ్చారు. భారత సైన్యానికి ఇచ్చినవాటి మీద మాత్రం పేరు, నంబరు, దళం చెక్కారు. గుండ్రటి పతకం అయితే అంచు చుట్టూ చూడండి, నక్షత్రం అయితే వెనక చూడండి. భూతద్దం, పక్క లైటు. ఆయన ఆఫ్రికాలో ఉన్నాడు కాబట్టి ఆఫ్రికా స్టార్ ఉండాలి, ఇసుక రంగు రిబ్బన్, మధ్యలో ఎర్ర చార.

వీటినీ తోమకండి. మా వైపు ఒక కుటుంబం ప్రతి ఆగస్టు పదిహేనుకీ తాత పతకాలు బ్రాసోతో మెరిపించి పిల్లాడికి తగిలించేవారు. ఇప్పుడు అంచు మీద పేరు వేలితో తడిమినా తగలడం లేదు.

గూడెం_కుర్రాడు
పద్మక్కా, ఉంది!! యుద్ధ పతకం అంచు మీద ఒక నంబరు, తర్వాత డ్రైవరుకి పొట్టి అక్షరాలు, తర్వాత పేరు, తర్వాత "ఆర్.ఐ.ఎ.ఎస్.సి." (రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్) అని. పేరు స్పెల్లింగ్ మాత్రం ఘోరం. ఇంటిపేరు అసలు లేదు.

ఇంకా ఉంది. పిన్ని ఇప్పుడే ఫోటో పంపింది. క్యారమ్ డబ్బాలో ఎర్ర బిళ్ళ దొరికింది. ఒక పక్క అరిగిపోయి నున్నగా ఉంది, పౌడరు పట్టేసింది, కానీ రెండో పక్క నంబర్లో చివరి నాలుగంకెలు చదవగలుగుతున్నాం, అవి పతకం మీది నంబరుతో కలిశాయి. ఇంటిల్లిపాదీ ఫోన్లో అరుపులు.

నిజాం_నాణెం
కొట్టినవ్ తమ్మీ! 👏👏

బిళ్ళల_భాస్కరం
అద్భుతం. ఇప్పుడు మీ దగ్గర గొలుసు ఉంది: ఎర్ర బిళ్ళ, పతకం ఒకరివే అని నంబరు చెబుతోంది. ఖైదీ బిళ్ళ కూడా ఆయనదే అనడానికి ప్రస్తుతం ఒకే ట్రంకులో దొరకడం ఒక్కటే ఆధారం. అది రుజువు చేసేది కార్డు ఒక్కటే. ఇక లక్ష్మిగారి రంగం.

లండన్_లక్ష్మి
వస్తున్నా. శిబిరంలో చేరగానే జర్మన్లు ప్రతి ఖైదీకి ఒక కార్డు రాసేవారు. అందులో ఖైదీ నంబరు, శిబిరం, పుట్టిన తేదీ, ఊరు, తండ్రి పేరు, తల్లి ఇంటిపేరు, ఎత్తు, జుట్టు రంగు, ఇంటి చిరునామా, వేలిముద్ర, చాలావాటికి పలక మీద నంబరు రాసి మెడకి తగిలించి తీసిన ఫోటో. బ్రిటిష్, కామన్వెల్త్ ఖైదీల కార్డుల్లో మిగిలినవి లండన్ దగ్గర క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 416 అనే వరసలో ఉన్నాయి. పేరుతో ఆన్‌లైన్‌లో వెతకొచ్చు. వ్యక్తిగత సమాచారం కాబట్టి చాలావరకు మూసి ఉంచుతారు, ఆయన చనిపోయినట్టు ధ్రువపత్రం పంపి తెరవమని అడగాలి. అందరి కార్డులూ మిగల్లేదు, దొరకకపోతే ఖైదీ కాదని కాదు.

మనవాళ్ళ పేర్లతో అసలు తలనొప్పి ఇక్కడే. మనం ఇంటిపేరు ముందు పెడతాం, జర్మన్ గుమాస్తా చివరి మాటని ఇంటిపేరు అనుకుంటాడు. అప్పారావు అనే ఆయన 'రావు' కింద ఉండొచ్చు, 'అప్పా' కింద ఉండొచ్చు, 'అపరౌ' అని ఒకే ముక్కగా ఉండొచ్చు. జర్మన్ రాతలో 'వ'కి డబ్ల్యూ, 'య'కి జె రాస్తారు, అవీ ప్రయత్నించండి. పేరుతో దొరక్కపోతే ఊరు, జిల్లా పేరుతో. యుద్ధం నాటికి మీది పశ్చిమ గోదావరే, అది 1925లోనే కృష్ణా నుంచి విడిపోయింది, కానీ కాయితాల్లో ఉత్త "గోదావరి" అని కూడా రాసేవారు.

రెండోది జెనీవాలోని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ ఆర్కైవ్స్. యుద్ధఖైదీల గురించిన 1929 జెనీవా ఒప్పందం ప్రకారం ప్రతి దేశం తన దగ్గరున్న ఖైదీల వివరాలు పంపాలి, ఆ జాబితాలు అక్కడ చేరాయి. మొదటి యుద్ధంవి ఎవరైనా ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. రెండో యుద్ధంవి వాళ్ళే వెతికి పెడతారు, కానీ ఏడాదిలో కొన్నిసార్లు మాత్రమే దరఖాస్తులు తెరుస్తారు, కోటా నిండగానే మూసేస్తారు. తత్కాల్ టికెట్ లాగే, తెరిచిన రోజే కూర్చోవాలి.

మూడోది మన దేశంలోనే. ఆర్.ఐ.ఎ.ఎస్.సి. వారసులు ఇప్పటి ఆర్మీ సర్వీస్ కోర్. బెంగళూరులోని ఏఎస్‌సీ రికార్డ్స్ (సౌత్)కి సైన్యం నంబరుతో ఉత్తరం రాయండి, మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా వెళితే మంచిది. ఖైదీ నంబరు వాళ్ళకి పనికిరాదు, సైన్యం నంబరే కావాలి. జెనీవాకి రెండూ ఇవ్వండి.

విజయ్_కలెక్షన్స్
ఇన్ని తిప్పలెందుకు బ్రో. ఇండియన్ సోల్జర్ స్టాలాగ్ సెట్, పతకాలతో కలిపి మంచి రేటు ఇస్తా. కొరియర్ ఖర్చు నాది. ఇన్‌బాక్స్ చూడు.

పాత_ఇత్తడి
అమ్మితే నేరం కాదూ? పురావస్తువుల చట్టం ఉంది కదా.

బిళ్ళల_భాస్కరం
1972 చట్టంలో పురావస్తువు అంటే వందేళ్ళు నిండాలి, రాతప్రతులకైతే డెబ్బై ఐదు. ఇది ఆ లెక్కలోకి రాదు, కాబట్టి అమ్మడం నేరమేమీ కాదు. అమ్మాలో వద్దో వాళ్ళ ఇష్టం. నేను చెప్పేది ఒకటే, విడగొట్టి అమ్మొద్దు. పతకాలు ఒకడికి, ఎర్ర బిళ్ళ ఒకడికి, జింకు బిళ్ళ ఒకడికి వెళ్ళాయంటే ఈ చర్చలో మనం చేసినదంతా వృథా. అప్పుడది పేరులేని రేకు ముక్క. వ్యాపారులు సరిగ్గా అలాగే చేస్తారు, విడివిడిగా ఎక్కువొస్తుంది కాబట్టి.

మోడరేటర్
విజయ్_కలెక్షన్స్ గారూ, కొనుగోళ్ళు 'సంత' విభాగంలో. రెండో హెచ్చరిక.

గూడెం_కుర్రాడు
అమ్మడం లేదండీ. ఇన్‌బాక్స్‌లో ఐదుగురు అడిగారు, అందరికీ ఇదే జవాబు.

ఇక దాచడం సంగతి చెప్పండి. ప్రస్తుతం స్టీలు డబ్బాలో బియ్యం పోసి అందులో పెట్టాను, తేమ లాగుతుందని. ట్రంకులో కలరా ఉండలు వేసి ఉన్నాయి.

కెమిస్ట్రీ_మేడమ్
బియ్యంలోంచి తీసేయండి, ఆ పిండి దుమ్ము చీలికల్లో చేరి తేమని పట్టుకుంటుంది, పురుగులొస్తే తాడు తినేస్తాయి. కలరా ఉండలూ వద్దు, ఆ ఆవిరి ఫైబర్‌కీ రిబ్బన్లకీ మంచిది కాదు, మీ ఊపిరికీ కాదు.

జింకుకి పెద్ద శత్రువు మన ఇళ్ళలో చెక్క. కొత్త ప్లైవుడ్ బీరువా, టేకు పెట్టె, మామూలు అట్టపెట్టె, ఇవన్నీ మెల్లగా ఆమ్లపు ఆవిరి వదులుతాయి. తలుపు తీయగానే ముక్కుకి ఘాటుగా తగిలేది అదే. అందమైన చెక్క ఫ్రేములో వెల్వెట్ మీద బిగించి గోడకి తగిలిస్తారు చూడండి, కొన్నేళ్ళకి తెల్లటి పొడి పూసేస్తుంది. మెత్తటి పీవీసీ కవర్లు, పాత నాణేల ఆల్బంలలో జిగటగా అయ్యేవి, అవి ఇంకా దారుణం.

మీరు చేయాల్సింది: ఆమ్లం లేని టిష్యూ కాగితం (ఆన్‌లైన్‌లో దొరుకుతుంది), జిప్ ఉన్న మామూలు పాలిథీన్ కవరు, మూత గట్టిగా పట్టే పాలీప్రొపిలీన్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లం. రంగు మారే రకం కొనండి, రంగు మారినప్పుడు ఆరబెట్టుకోవచ్చు. మీది గోదావరి డెల్టా, వానాకాలం అంతా గాలి తడిగానే ఉంటుంది కాబట్టి ఆ పొట్లాన్ని మరవకండి. జింకు బిళ్ళని పతకాలకి తగలనివ్వొద్దు, రెండు వేరే లోహాలు తాకుతూ తేమ చేరితే జింకే ముందు తినేస్తుంది. వేరే వేరే కవర్లు.

ఎర్ర బిళ్ళకి మాత్రం లెక్క వేరు. అది నూలు కాగితాన్ని జింక్ క్లోరైడ్‌తో గట్టిపరిచి చేసిన ఫైబర్. తడిస్తే ఉబ్బి వంకర పోతుంది, మరీ ఎండితే పెళుసవుతుంది. సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టకండి. టిష్యూలో చుట్టి, చల్లటి గదిలో, ఎండ పడని చోట చదునుగా పెట్టండి చాలు. క్యారమ్ పౌడరు పొడి బ్రష్‌తో ఎంత పోతే అంతే. తాడు జింకు బిళ్ళతోనే ఉండనివ్వండి, చెమట పట్టి గట్టిపడి ఉంటుంది, వంచితే విరుగుతుంది.

పట్టుకునేటప్పుడు చేతులకి నైట్రైల్ గ్లవ్స్, మందుల షాపులో దొరికేవి.

పాత_ఇత్తడి
మైనం పూస్తే? మ్యూజియంలో ఏదో మైనం పూస్తారని విన్నాను.

కెమిస్ట్రీ_మేడమ్
మైక్రోక్రిస్టలిన్ మైనం. పూస్తారు, కానీ తుప్పు కదలిక ఆగిందని తేలాక, చేయి తిరిగినవాళ్ళు. ఇంట్లో పూస్తే పొడిని కూడా లోపల మూసేస్తాం. ఇప్పుడే అవసరం లేదు, ఏడాదికోసారి అదే కోణంలో ఫోటో తీసి పోల్చి చూడండి. మచ్చ పెరిగితే అప్పుడు ఆలోచిద్దాం.

వ్రోత్స్వాఫ్_వాసు
నేను ఇక్కడి మ్యూజియానికి మెయిల్ పెట్టాను, పూర్తి నంబరు లేకుండా, భారత ఖైదీల కాయితాలు వాళ్ళ దగ్గర ఏ రూపంలో ఉన్నాయని. జవాబు రాగానే చెబుతాను. ఇంకోటి, మేనత్తగారిని అడిగేటప్పుడు నడక గురించి అడగండి. 1945 జనవరిలో రష్యన్లు దగ్గరికొచ్చేసరికి లామ్స్‌డార్ఫ్, టెషెన్ రెండు చోట్ల నుంచీ ఖైదీలను మంచులో పడమటికి వారాల తరబడి నడిపించారు. ఊరి పేరు మరిచిపోయినవాళ్ళు కూడా ఆ నడక మరిచిపోలేదు.

గూడెం_కుర్రాడు
అడిగాను వాసు గారూ. ఊరి పేరు ఈసారి చెప్పలేదు. నడక గురించి మాత్రం నేను పూర్తిగా అడక్కముందే, "కాలి వేళ్ళు రెండు అక్కడే పోయాయిగా వాడికి" అంది. ఎడమ కాలికి రెండు వేళ్ళు లేవని మా నాన్నకీ తెలుసు, లారీ ప్రమాదం అనుకున్నాడట ఇన్నాళ్ళూ. రికార్డు చేశాను.

ఇప్పటిదాకా చేసినవి: డబ్బాలు వచ్చాయి, మేడమ్ చెప్పినట్టే విడివిడిగా పెట్టాను. బెంగళూరుకి ఉత్తరం సైనిక సంక్షేమ కార్యాలయంలో ఇచ్చాను, పతకం అంచు ఫోటో జతచేసి. లండన్ దరఖాస్తుకి మరణ ధ్రువపత్రం కావాలి, ఆయన పోయింది ఎనభైల్లో, పంచాయతీ రిజిస్టర్లో నమోదు ఉందో లేదో చూస్తున్నారు. జెనీవా వాళ్ళ విండో మూసి ఉంది. లక్ష్మి గారూ, లండన్ ఫారంలో పేరు గడిలో పతకం మీదున్న తప్పు స్పెల్లింగ్ రాయాలా, ధ్రువపత్రంలో ఉన్నది రాయాలా?

లండన్_లక్ష్మి
పతకం మీదున్నదే పేరు గడిలో రాయండి, సైన్యం కాయితాలన్నీ ఆ స్పెల్లింగ్‌తోనే నడిచి ఉంటాయి. ధ్రువపత్రంలోని పేరు 'ఇతర పేర్లు' గడిలో. రెండూ ఒకరివే అని మీ నాన్నగారి చేత ఒక నోటరీ అఫిడవిట్ జతచేయండి. పంచాయతీలో నమోదు లేకపోతే ఆగిపోకండి, ఆలస్యంగా నమోదు చేయించడానికి తహసీల్దారు ఆఫీసులో దారి ఉంది, దానికి టైం పడుతుంది కాబట్టి ఈ వారమే మొదలుపెట్టండి.